నీటి అంచున పుల్ల

మా మేనల్లుడి కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి రాజమండ్రి వచ్చినప్పుడు, "తాతయ్యా, కయాక్ కొంటున్నాను. నలుగురం కలిసి హిమాలయాలకు పోదామనుకుంటున్నాం. నువ్వేమంటావు?" అని అడిగాడు. కొనమన్నాను. ఆ రాత్రి భోజనాలయ్యాక రెండు గంటలు చెప్పినా సగం మిగిలిపోయింది. చెప్పిందీ మిగిలిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. వాడికే కాదు, ఈ మధ్య కొండ నదుల్లోకి పడవలేసుకుని బయల్దేరుతున్న మన పిల్లలందరికీ.

నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. కాలవలు, లాకులు, గేట్లు నా ఉద్యోగం. కొండ నదుల్లో కయాక్ నడపడం నా ఇష్టం. 1994లో శివపురి దగ్గర గంగలో మొదటిసారి పడవలో కూర్చున్నాను, అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు. అరవై రెండో ఏట భుజం మొరాయించి మానేశాను. ఈ మధ్యలో నేర్చుకున్నవి ఇవి.

1. గోదావరిలో ఈదినవాణ్ననే ధీమా వదలండి

కోటిలింగాల రేవులో పదేళ్లకే ఈత నేర్చుకున్నాను. ఆ ధీమాతోనే శివపురిలో పడవెక్కాను. రెండో అలకే బోల్తా. తల కిందికి, కాళ్లు పడవలో, నడుం చుట్టూ నీళ్లు రాకుండా బిగించిన స్ప్రే స్కర్ట్. ఈత వచ్చిన చేతులు ఊరికే నీళ్లను తోశాయి. ఏమీ జరగలేదు. నురగలో బోలెడు గాలి ఉంటుంది. అది గోదావరి నీళ్లు మోసినట్టు మనిషిని మోయదు, తెడ్డుకు పట్టు దొరకనివ్వదు. పైగా మంచు కరిగి వచ్చిన నీళ్లు. అవి ఛాతీకి తగలగానే ఊపిరి ఎగదన్నుతుంది. మొదటి నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు.

నాకు నేర్పిన గఢ్వాలీ కుర్రాడు నాకంటే పన్నెండేళ్లు చిన్న. మూడు రోజులు నన్ను ప్రవాహంలోకి పోనివ్వలేదు. ఒడ్డు పక్క నిలవ నీళ్లలో బోల్తా కొట్టించి, తలకిందులుగానే పడవ అడుగు మీద అరచేత్తో మూడుసార్లు తట్టి, ఐదు లెక్కపెట్టాకే బయటికి రమ్మనేవాడు. నీళ్లలో ఐదు అంకెలు ఎంత పొడుగో అప్పుడే తెలిసింది. తర్వాత రోల్, అంటే పడవలోంచి బయటికి రాకుండానే తెడ్డు సాయంతో తిరిగి పైకి లేవడం. అందులో కిటుకు తల దగ్గరుంది. తల ముందు లేపితే పడవ లేవదు. మొదట నడుం తిరగాలి, మోకాలు పడవ లోపలి అంచును పైకి లాగాలి, పడవ వెంట ఒళ్లు రావాలి, అన్నిటికన్నా చివర తల రావాలి. ప్రాణభయంలో తలే ముందు లేస్తుంది. దాన్ని ఆపడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

ఈ విద్య గ్రీన్‌లాండ్ ఇన్యూట్ వేటగాళ్లది. తోలు పడవల్లో సీళ్ల వేటకు పోయేవాళ్లకు మంచు సముద్రంలో పడవ వదిలి ఈదడమంటే చావే. యూరప్ వాళ్లలో దాన్ని మొదట పట్టుకున్నది హాన్స్ పావ్లాటా అనే ఆస్ట్రియా ఆయన, 1927లో. వేల ఏళ్లు ఆ చలి నీళ్ల మీద బతికినవాళ్లు కనిపెట్టిన విద్య వీకెండ్ క్లాసులో రెండు పూటల్లో వస్తుందనుకోకండి. నిలవ నీళ్లలో యాభైసార్లు పడితే యాభైసార్లూ లేచేదాకా ప్రవాహంలోకి పోవద్దు.

2. పారే నీళ్లలో నిలబడొద్దు

పడవలోంచి పడిపోయారు. కింద కాలికి రాయి తగిలింది, నీళ్లు తొడల దాకానే ఉన్నాయి. లేచి నిలబడాలనిపిస్తుంది. అప్పుడే మనుషులు పోతారు. పాదం రెండు రాళ్ల సందులో దిగబడుతుంది, వెనక నుంచి ప్రవాహం ఒంటిని ముందుకు వాల్చేస్తుంది. మునగడానికి నడుం లోతు అక్కర్లేదు. ప్రవాహం వేగం రెట్టింపైతే ఒంటి మీద దాని తోపు నాలుగు రెట్లవుతుంది. ఎంత బలమున్నవాడైనా వెనక్కి లేవలేడు.

వెల్లకిలా పడుకోండి. పాదాలు నీటి మీదికి, వేళ్లు నది పోయే వైపు పెట్టండి. చేతులతో వెనక్కి ఈదుతూ గట్టు వైపు జరగండి. వేళ్లతో నేల అందేంత లోతుకు వచ్చాకే లేవండి. మారేడుమిల్లి వాగుల్లో స్నానానికి దిగే పిల్లలకు కూడా ఇదే మాట. వాళ్లకు కయాక్ లేకపోవచ్చు గానీ రాళ్లు అవే.

3. గట్టున నడవకుండా దిగొద్దు

కొండ నదిలో నీళ్లు రాళ్ల మీద నుంచి ఉరికే చోటును ర్యాపిడ్ అంటారు. ఒకటి నుంచి ఆరు దాకా తరగతులు. ఒకటి పిల్లకాలవ. ఆరు, చావుకి తెగించినవాళ్లు దిగేది. ఆ అంకెలు చూసుకుని ధైర్యం తెచ్చుకునేవాళ్లను చాలామందిని చూశాను. అంకె వేసిన రోజున నదిలో ఎన్ని నీళ్లున్నాయో, ఇవాళ ఎన్ని ఉన్నాయో ఆ అంకె చెప్పదు.

రిషికేశ్ పైన బ్యాసీ దగ్గర 'ది వాల్' అని ఒక ర్యాపిడ్ ఉంది. గంగ నేరుగా రాతిగోడ మీదికి వెళ్లి కొట్టుకుని మలుపు తిరుగుతుంది. పై నుంచి పడవలో వస్తుంటే గోడ కనిపించదు. నున్నటి నీటి గీత ఒకటి, దాని అవతల అప్పుడప్పుడు ఎగిరే తుంపర, అంతే. నీళ్లు గీతలా తెగినట్టు కనిపిస్తే దాని కింద పల్లమో, గుంటో ఉందన్నమాట. అక్కడ పడవ ఆపి గట్టు ఎక్కాలి.

గట్టున ఏం చూడాలంటే, ముందు నున్నటి నాలుక వెతకండి. రెండు రాళ్ల మధ్య నుంచి నీళ్లు కిందికి మొన తేలిన బాణంలా పోతుంటే అది దారి. మొన పైకి, మన వైపు తిరిగి ఉంటే అక్కడ నీటి కింద రాయి ఉంది. తర్వాత రాళ్ల వెనక చూడండి. పెద్ద రాయి వెనక నీళ్లు వెనక్కి మళ్లి నిమ్మళంగా తిరుగుతాయి. దాన్ని ఎడ్డీ అంటారు. అవే మన మజిలీలు. ఒక ఎడ్డీ నుంచి ఇంకో ఎడ్డీకి పోగలిగితే ఎంత పెద్ద ర్యాపిడ్ అయినా ముక్కలవుతుంది. చివరగా ఒక పుల్ల విసిరి చూడండి. పుల్ల మునిగి వెంటనే తేలి పోతే సరే. ఒకే చోట మునిగి, తేలి, మళ్లీ మునుగుతూ తిరుగుతుంటే అక్కడ మనిషి కూడా అలాగే తిరుగుతాడు.

అన్నీ చూశాక "వద్దు" అనిపిస్తే పడవ భుజాన వేసుకుని పక్క నుంచి నడిచిపోవాలి. నేపాల్‌లో సన్ కోసి మీద హర్కాపుర్ ర్యాపిడ్ దగ్గర నేను నా పడవ మోసుకుని నడిచాను. ముప్పావు గంట, ఎండలో, కాలే రాళ్ల మీద. మా జట్టులో ఇద్దరు కుర్రాళ్లు అందులోంచే దిగి క్షేమంగా వచ్చారు. నాకు ఆ రోజూ ఇవాళా చిన్నతనం లేదు.

టిబెట్‌లో యార్లుంగ్ సాంగ్పో, అంటే మన బ్రహ్మపుత్ర పై భాగం, దాని లోయను 1998 అక్టోబరులో ఒక అమెరికన్ జట్టు దిగబోయింది. వానల తర్వాత నది నిండుగా ఉంది. డగ్ గోర్డన్ అనే అనుభవజ్ఞుడు అందులో కొట్టుకుపోయాడు. 2002లో స్కాట్ లిండ్‌గ్రెన్ జట్టు నీళ్లు తగ్గే చలికాలం చూసుకుని వెళ్లింది, పై లోయ దిగింది. వాళ్లు కూడా దిగలేని చోట పడవలు మోశారు, చివర లోయ వదిలి కొండ కనుమ మీదుగా బయటపడ్డారు. ప్రపంచంలోనే ఆరితేరినవాళ్లు మోశారు. మనం మోయడానికి సిగ్గెందుకు?

4. పైన గేటు ఉంటే ఆకాశం చూసి నమ్మొద్దు

ఇది నా ఉద్యోగం నేర్పింది. అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

కొత్తగా చేరినప్పుడు నా కింద కాలవ కాపలా చూసే ఒక ముసలి లస్కరు ఉండేవాడు. కాలవ గట్టు మీద ఎక్కడ కూర్చున్నా ముందు ఒక పుల్ల విరిచి సరిగ్గా నీటి అంచున గుచ్చేవాడు. బీడీ కాల్చుకుని, టీ తాగి, మళ్లీ పుల్ల వంక చూసేవాడు. "గేజి రిజిస్టరు పొద్దున రాసింది బాబూ, పుల్ల ఇప్పుడు చెబుతుంది" అనేవాడు. నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

చాలా ఏళ్ల తర్వాత హిమాలయాల్లో ఒక నది ఒడ్డున ఇసుక మేట మీద గుడారాలు వేశాం. మబ్బు తునక లేదు. పడవలు ఎండబెట్టాం, పొయ్యి వెలిగించాం. చేతికి పనిలేక లస్కరు గుర్తొచ్చి పుల్ల గుచ్చాను. అన్నం ఉడికేలోగా పుల్ల చుట్టూ నీళ్లు చేరాయి. పదిహేను నిమిషాలకు బెత్తెడు మునిగింది. అన్నం గిన్నెతో సహా అంతా మోసుకుని గట్టెక్కాం. మా నేపాలీ గైడ్ "దాయి, వాన లేదే!" అంటూనే ఉన్నాడు. రాత్రి తొమ్మిదికి మా పొయ్యి రాళ్ల మీద ఛాతీ లోతు నీళ్లు పారుతున్నాయి. పైన ఎక్కడో విద్యుత్ కేంద్రం నీళ్లు వదిలింది.

గేటు ఎత్తేవాడి వైపు నుంచి కూడా చెప్పాలి. కంట్రోల్ రూములో కనిపించేవి ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో, నీటిమట్టం. కరెంటు డిమాండు తగ్గితే టర్బైన్లు ఆగుతాయి, జలాశయం నిండుతుంది, గేట్లు లేపుతారు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు. వెయ్యి క్యూసెక్కులు వదిలామంటే ప్రతి సెకనూ 28 టన్నుల నీళ్లు కిందికి పోతున్నాయి. కింద రాళ్ల మీద ఎవరు కూర్చున్నారో ఆ గదిలో ఎవరికీ కనిపించదు. సైరన్ మోగించాలి, ముందుగా కబురు చెయ్యాలి. మోగిందా, మోగినా నది హోరులో వినబడిందా అన్నది వేరే సంగతి.

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున అదే జరిగింది. హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు, వాళ్లతో వచ్చిన టూర్ మనిషి ఒకరు, లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఫొటోలు తీసుకోవడానికి నది మధ్య రాళ్ల మీద నిలబడ్డారు. వాళ్లు వెళ్లేసరికి ఆ రాళ్లు పొడిగానే ఉన్నాయి. ఆ వీడియో నేను ఒక్కసారే చూశాను. గేట్ల దగ్గర బతుకు గడిపినవాడిని. అది చూశాక చాలా రోజులు నిద్ర పట్టలేదు.

అందుకే ఏ నదికైనా వెళ్లేముందు దాని పైన ఏ డ్యాములున్నాయో మ్యాపులో చూసుకోండి. ఎప్పుడు వదులుతారో అక్కడి వాళ్లనే అడగండి. మహారాష్ట్ర కోలాడ్‌లో కుండలిక నది డ్యామ్ నుంచి పొద్దున వదిలే నీళ్ల మీదే నడుస్తుంది. దాండేలిలో కాళీ నదికి సూపా డ్యామ్ నీళ్లు. అక్కడ పడవ సరదా అంతా గేటు దయే. ఏ నది ఒడ్డున ఆగినా పుల్ల గుచ్చండి. నీళ్ల రంగు మారినా, పైనుంచి ఆకులూ చెత్తా కొత్తగా తేలి వస్తున్నా పుల్ల కోసం కూడా ఆగకండి, గట్టెక్కండి. నా పాత శాఖలో ఇవాళ గేట్ల దగ్గర ఉన్న తమ్ముళ్లకు కూడా ఒక విన్నపం. సైరన్ మోగించాక ఒక మనిషిని మోటారు సైకిల్ మీద కిందికి పంపండి.

5. ఊరి చెక్‌డ్యామ్‌కు దూరంగా ఉండండి

హిమాలయాల ర్యాపిడ్ కంటే మన ఊరి చెక్‌డ్యామ్ ప్రమాదం. అందంగా, తిన్నగా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒకే ఎత్తున నీళ్లు జారుతుంటాయి. కింద పడ్డ నీరు అడుగున ముందుకు పోతుంది, పైన నురగ మాత్రం వెనక్కి, గోడ వైపుకే వస్తుంది. అందులో పడ్డది దుంగైనా, పడవైనా, మనిషైనా గోడ దగ్గరికే లాగబడి మునిగి తేలుతూ ఉంటుంది. కొండ నదిలో గుంటకు పక్కన ఎక్కడో తెరిపి ఉంటుంది. మనిషి కట్టిన గోడకు పక్క ఉండదు. రక్షించబోయినవాళ్లు కూడా అందులోనే పోతారు. లోకల్ నదిలో ప్రాక్టీసు చేద్దామని ఆనకట్ట మీద నుంచి కయాక్ జార్చే ఆలోచన ఎవరికైనా ఉంటే, దయచేసి మానుకోండి.

6. అక్కడ పుట్టినవాడి మాట వినండి

పాపికొండల దగ్గర గోదావరి రెండు కొండల మధ్య ఇరుకుగా వెళుతుంది. కచ్చులూరు దగ్గర సుడులు ఎక్కడ లేస్తాయో పాత సరంగులకు, గిరిజన పడవవాళ్లకు అరచేతిలో గీతలా తెలుసు. 2019 సెప్టెంబరు 15న నదిలో 5 లక్షల క్యూసెక్కులు దాటి వరద పోతుండగా పర్యాటకుల బోటు అక్కడే మునిగింది. బయటపడింది 26 మంది. ముందుగా నాటు పడవలేసుకుని ఎదురొచ్చి వాళ్లను లాగింది పక్క పల్లెల గిరిజనులే. బోటు అడుగుకు పోయింది. దాన్ని 38వ రోజున పైకి తీసింది కూడా కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందమే, ఇనప తాళ్లు, లంగర్లు వేసి, నది తగ్గేదాకా ఓపిక పట్టి. నదిని రోజూ చూసే మనుషుల పని అది.

నేను ఏ నదికి వెళ్లినా మొదటి సాయంత్రం చేపలవాడి దగ్గర కూర్చునేవాణ్ని. భాష రాకపోయినా ఫర్వాలేదు. ర్యాపిడ్ వైపు చూపించి అతని మొహం చూస్తే చాలు. ఒకసారి ఒక ముసలాయన ఏమీ మాట్లాడకుండా రెండు చేతులూ దగ్గర పెట్టి మెలి తిప్పి చూపించాడు. వెళ్లి చూస్తే వరదలో కొట్టుకొచ్చిన సాల చెట్టు ఒకటి ఇరుకులో అడ్డంగా పడి ఉంది. నీళ్లు కొమ్మల్లోంచి వడకట్టినట్టు పోతాయి, మనిషి పోడు. కయాకర్లకు అంతకన్నా భయంకరమైంది లేదు. కిందటి నెల అదే దారిలో దిగినవాళ్లు రాసుకున్న నోట్సులో ఆ చెట్టు లేదు.

7. తాడు విసరడం ముందు నేర్చుకోండి

ముగ్గురికి తగ్గకుండా వెళ్లండి. ఒకరు దిగుతుంటే ఒకరు కింద తాడుతో ఉండాలి, ఇంకొకరు సైగకు. తెడ్డు నిలువుగా ఎత్తితే రమ్మని, అడ్డంగా పట్టుకుంటే ఆగమని. నది హోరులో అరుపులు వినబడవు.

త్రో బ్యాగ్ అంటే ఇరవై మీటర్ల దాకా తేలే తాడు మడిచిపెట్టిన చిన్న సంచి. సంచి కాదు, తాడు ఒంటి మీద పడాలి. సంచి మనిషిని కాస్త దాటి, తాడు చేతికి అందేలా విసరాలి. తాడు కొస మీ చేతికో నడుముకో చుట్టుకోవద్దు, అతనితో పాటు మీరూ పోతారు. కూర్చుని, మడమలు రాళ్లకు తన్నిపెట్టి పట్టుకోవాలి. నీళ్లలో తాడు అందుకున్నవాడు దాన్ని భుజం మీదుగా వేసుకుని వెల్లకిలా తిరగాలి. అప్పుడు నీళ్లు మొహం మీద కొట్టవు. ఇది ఇంటి మేడ మీద కూడా నేర్చుకోవచ్చు. మా వీధిలో వంద అడుగుల దూరంలో బకెట్టు పెట్టుకుని నేర్చుకున్నాను. అంత దూరం తాడు అందదు. నేర్చుకుంది అదే.

8. దూరపు నదిలో సాయం నడిచి రావాలి

సన్ కోసి దోలాల్‌ఘాట్ నుంచి చత్రా దాకా 270 కిలోమీటర్లు, ఎనిమిది పది రోజుల ప్రయాణం. రాత్రి ఇసుక మేటల మీద పడుకుంటాం. చాలా చోట్ల రోడ్డు కనుచూపులో ఉండదు. మా ప్రయాణంలో ఐదో రోజు ఒక మిత్రుడికి బోల్తా పడి లేచేటప్పుడు భుజం కీలు తప్పింది. కయాకర్లకు మామూలుగా వచ్చే దెబ్బే. ఊళ్లో అయితే ఆటోలో ఆస్పత్రికి పోవచ్చు. అక్కడ కొండ మీది పల్లె నుంచి నలుగురు దిగొచ్చారు. వీపు మీద మోసే వెదురు బుట్ట, డోకో అంటారు, దాని ఒక పక్క కోసి, మా వాణ్ని అందులో కూర్చోబెట్టి, బుట్ట పట్టీ నుదుటికి తగిలించుకుని మెట్ల దారి ఎక్కారు. మావాడి బరువు ఎనభై కిలోలు. వంతులవారీగా మోశారు. ఆ నుదుటి మీద పట్టీ ఒరిసిన గాడి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. పొద్దుగూకి, మళ్లీ మధ్యాహ్నమయ్యాక రోడ్డు వచ్చింది.

"ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న" అని మనవాళ్లు ఊరికే అనలేదు. మోసినవాళ్లకు కూలి అక్కడికక్కడే, అడిగినదానికన్నా ఎక్కువ ఇవ్వండి. చిల్లర నోట్లు తడవని సంచిలో వేరుగా పెట్టుకోండి. జట్టులో ఒకరైనా కట్లు కట్టడం, ఊపిరి అందించడం నేర్చుకుని రండి. ముక్కలుగా విడదీయగలిగే అదనపు తెడ్డు ఒకటి, అగ్గిపెట్టెలు రెండు చోట్ల, పొడి బట్టలు ఒక జత ఎవరూ ముట్టని సంచిలో పెట్టండి. ఎప్పటికి చేరతారో, చేరకపోతే ఎవరికి ఫోను చెయ్యాలో ఇంట్లో రాసి ఇచ్చి రండి.

9. నదులు మనకోసం ఆగవు

నేను డ్యాముల మనిషినే. వాటి వల్ల పండిన పొలాలు చూశాను, ఆ తిండి తిన్నాను. కానీ నేపాల్‌లో కాళీ గండకి మీద మిర్మి దగ్గర 2002లో డ్యామ్ వచ్చాక ఆ నది ప్రయాణం అక్కడితో ఆగిపోయింది. భాగీరథి కొంత భాగం టెహ్రీ జలాశయం కింద ఉంది. 2013 కేదార్‌నాథ్ వరద తర్వాత మందాకిని పాత రాళ్ల వరస ఎక్కడా కనిపించదు. 2023 అక్టోబరులో సిక్కింలో హిమసరస్సు తెగి తీస్తా లోయ రూపే మారిపోయింది. పాత పుస్తకంలో చదివిన దారి మీకు దొరకకపోవచ్చు. గట్టున నడవమని మూడో పాఠంలో చెప్పింది ఇందుక్కూడా. వెళ్లదలుచుకున్న నదికి ఒంట్లో శక్తి ఉండగానే వెళ్లండి. అక్కడ మిగిలిన పారే నీళ్ల గురించి మాట్లాడేవాళ్లలో మీరూ ఉండండి. ఒక నదిని పడవ మీద చూసినవాడికి అది మ్యాపులో నీలం గీతగా ఎప్పటికీ కనిపించదు.

మా ఇంట్లో మూడు త్రో బ్యాగులు, రెండు హెల్మెట్లు, ఒక పాత కయాక్ ఉన్నాయి. మనవడికీ వాడి మిత్రులకూ ఇస్తానన్నాను. కార్తీకంలో నీళ్లు తేటపడతాయి, అప్పుడు రమ్మన్నాను. మొదటి రోజు పడవలు వ్యాన్ మీదే ఉంటాయి. గట్టున నడుస్తాం.